నిశాచరుడి మీద టార్చిలైటు

పగలు తిరిగేవి దివాచరాలు, రాత్రి తిరిగేవి నిశాచరాలు, మీ చుట్టుపక్కల ఏవేవి ఉన్నాయో చూసి రాసుకొని రండి అని మావాడికి హోంవర్కు ఇచ్చారు. కడప ఎర్రముక్కపల్లెలో మా అత్తగారింటి వసారాలో కూర్చుని వాడు రాసింది ఇదీ. దివాచరాలు: కాకి, ఉడుత, తొండ, అవ్వ. నిశాచరాలు: గబ్బిలం, గుడ్లగూబ, కలివికోడి, మామ.

కలివికోడితో పేచీ లేదు. అంతరించిపోయిందనుకున్న పిట్ట 1986లో మళ్లీ దొరికింది మా జిల్లాలోనే, అదీ రాత్రిపూట. దోమ దగ్గర మాత్రం పెన్ను కొరుకుతూ కూర్చున్నాడు. డెంగీ దోమ కుట్టేది పగలు, మలేరియా దోమ కుట్టేది రాత్రి. చివరికి రెండువైపులా వేశాడు. (ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కడప రోడ్ల మీద కుక్క కూడా తిరగదు. ఆ లెక్కన ఊరంతటినీ నిశాచరాల్లో వేయొచ్చు.)

గొడవంతా మామతోనే. మా బావమరిది ఇంట్లో కూర్చునే అమెరికావాళ్లకు పనిచేస్తాడు. పొద్దున ఉగ్గాని తిని పడుకుంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే లేచేది.

"నా కొడుకును నిశాచరుడంటావా? రాక్షసులను అంటారు రా ఆ మాట!" అని అత్త ఎగిరింది.

"రాక్షసుడని రాయలే అవ్వా, జీవి అని రాసినా" అన్నాడు మావాడు. ఆమెకు ఇంకా మండింది.

చీకట్లో లైటు వేస్తే చాలా నిశాచర జీవుల కళ్లు మెరుస్తాయని వాడు ఎక్కడో చదివాడు. పిల్లి కళ్లు మెరిశాయి. మనిషి కంట్లో ఆ మెరిసే పొర ఉండదని చెప్పేవాళ్లు లేక, రాత్రి పదకొండు దాటాక టార్చిలైటుతో మామ గదిలోకి దూరాడు. మామ పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో వీడియో మీటింగులో ఉన్నాడు. కళ్లల్లోకి నేరుగా వెలుగు కొట్టేసరికి "ఓ నాయనో!" అంటూ కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. దొంగలు పడ్డారనుకుని అత్త పొరక పట్టుకొని ఉరికొచ్చి, ఆ మసక చీకట్లో చేతికందిన లుంగీకి రెండు తగిలించింది. కెమెరా ఆన్‌లోనే ఉంది.

"మెరవలే నాయనా" అని మావాడు నన్ను లేపి మరీ చెప్పాడు.

ఇప్పుడు మీటింగు మొదలైనప్పుడల్లా అవతలివాళ్లు ముందుగా అడిగేది మా అత్త క్షేమమేనట.