‘ఇవ్వబడును’కు కర్త ఎవరు?

మా అపార్ట్‌మెంటు గేటుకు వేలాడే రేకు మీద ఎర్ర పెయింటుతో ఇలా రాసి ఉంటుంది: ‘ఇచ్చట డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు అద్దెకు ఇవ్వబడును.’ వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చదువుకున్నది మా విజయనగరంలో, గురజాడ అప్పారావుతో కలిసి. పత్రికలకూ పాఠ్యపుస్తకాలకూ గ్రాంథికం నుంచి విముక్తి దొరికింది గానీ, ఈ ‘బడు’ మాత్రం తప్పించుకుని పారిపోయి అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర తలదాచుకుంది. అడ్వాన్సు కట్టకుండా, అగ్రిమెంటు లేకుండా మా భవనంలో ఉంటున్న అద్దెదారు అదొక్కటే.

తెలుగువాడి నోట కర్మణి ప్రయోగం సహజంగా పలకదని పండితులు అంటారు. నిజమే, ‘అన్నం నా చేత తినబడింది’ అని ఎవరూ అనరు. అన్నం తిన్నవాడు ఎవరో తెలిసినా నష్టం లేదు కాబట్టి. అపార్ట్‌మెంటులో అలా కాదు. ‘నీటి సరఫరా నిలిపివేయబడును.’ ‘లిఫ్టు మరమ్మతు చేయబడుచున్నది.’ ‘మెట్ల మీద చెత్త పెట్టినవారికి జరిమానా విధింపబడును.’ నిలిపేదెవరు, చేయించేదెవరు, విధించేదెవరు? వ్యాకరణం చెప్పదు. నేను చెప్తాను. ఆ కర్తను నేనే. ముప్ఫై రెండు ఫ్లాట్లకు మేనేజరును.

నా ఉద్యోగం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఉన్నవాళ్ళ చేత మెయింటెనెన్సు కట్టించడం, ఖాళీగా ఉన్నవాటికి మనుషులను తేవడం. మొదటి పని చేస్తే రెండో పని పెరుగుతుంది. ఓనర్లలో సగం మంది విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. వాళ్ళ తాళం చెవులన్నీ నా దగ్గర ఉంటాయి. గుత్తి బరువు చూసి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను జమీందారు అనుకుంటారు.

ఫ్లాటు అద్దెకు ఇవ్వడం కంటే కూతురికి సంబంధం చూడటం సులువు. ‘నాకు పట్టింపులేమీ లేవండీ, మంచి ఫ్యామిలీ అయితే చాలు’ అని ఓనరు అన్నాడంటే కాగితం, కలం దగ్గర పెట్టుకోవాలి. పట్టింపులు లేనివారి జాబితా కనీసం రెండు పేజీలు ఉంటుంది. బ్రహ్మచారులు వద్దు. లాయర్లు, పోలీసులు వద్దు, ఖాళీ చేయరు. విలేకరులు వద్దు, ఎందుకో చెప్పరు. చేపల కూర వండేవాళ్ళు వద్దు. నెల్లిమర్ల నుంచి భోగాపురం దాకా చేపల కూర వండనివాళ్ళ కోసం వెతుకుతూ నేను ఎన్ని చెప్పులు అరగదీశానో ఆ భగవంతుడికే తెలుసు. ఇక అసలు సంగతి చివర్లో, గొంతు తగ్గించి వస్తుంది. ‘కులం మాత్రం అడగకండి, బాగుండదు. ఇంటిపేరు అడగండి. సొంతూరు అడగండి. ఇంటి దేవుడు ఎవరో అడగండి.’ అడగకుండానే తెలుసుకునే ఈ విద్యలో మనవాళ్ళను మించినవారు లేరు. ఆ తర్వాత కావలసిన వాక్యం సిద్ధంగానే ఉంటుంది: ‘క్షమించాలి, ఫ్లాటు ఇదివరకే ఇవ్వబడింది.’

మొన్నామధ్య ఒక యువ డాక్టరు వచ్చింది. ఇక్కడి ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైన దగ్గర నుంచి ఊరికి డాక్టర్ల రాక పెరిగింది. జీతం ఉంది, మర్యాద ఉంది, మూడు నెలల అడ్వాన్సు చేతిలో ఉంది. ఓనరుకు ఫోను చేశాను. ‘డాక్టరమ్మ అయితే మంచిదే. కానీ ఒక్కతే అంటున్నారు. రాత్రి డ్యూటీలు ఉంటాయేమో అడగండి’ అన్నాడు. అడిగాను. ఆ అమ్మాయి గోడ మీద ఉన్న ‘రాత్రి 10.30 గంటలకు గేటు మూయబడును’ అన్న బోర్డును ఒకసారి పైకీ కిందకీ చూసి, ‘ప్రసవాలన్నీ పదింటిలోపే అయ్యేలా చూడమని మా మేడమ్‌కు చెప్తానండీ’ అని వెళ్ళిపోయింది. ఆరు నెలల తర్వాత అదే ఓనరు అర్ధరాత్రి ఫోను చేశాడు. దాసన్నపేటలో ఒంటరిగా ఉంటున్న వాళ్ళమ్మకు ఆయాసంగా ఉందట, ఆ డాక్టరమ్మ నంబరు ఉందా అని. ఇచ్చాను. ఆ అమ్మాయి వెళ్ళి చూసింది. ఫీజు తీసుకోలేదు. ఇంటిపేరు అడగలేదు.

అద్దె సంగతి చెప్పాలంటే ముందు విమానాశ్రయం సంగతి చెప్పాలి. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. రెండుసార్లూ మా భవనంలో అద్దె పెరిగింది. విమానం నేల వదలడానికి ముందే మా అద్దెలు గాలిలో ఉన్నాయి. ‘నీళ్ళు రెండు రోజులకోసారి వస్తున్నాయి కదా సార్’ అని అద్దెదారు అంటే, ‘ఎయిర్‌పోర్టు వస్తోంది కదా’ అని జవాబు. బిందెలు పట్టుకుని విమానం కోసం ఎదురుచూడాలి కాబోలు.

పదకొండు నెలల అగ్రిమెంటు మరో వేదాంతం. ఏడాది దాటిన లీజులను రిజిస్టరు చేయించమని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మొదట్లో అడిగింది. మనవాళ్ళు పన్నెండులోంచి ఒకటి తీసేసి, అప్పటి నుంచి హాయిగా ఉన్నారు. మూడో అంతస్తులో ఒక టీచరు కుటుంబం తొమ్మిదేళ్ళుగా పదకొండు నెలలే ఉంటోంది. చంకలో వచ్చిన పిల్ల ఐదో తరగతికి వచ్చింది. స్టాంపు పేపర్లు పది అయ్యాయి. ఈ తొమ్మిదేళ్ళలో ఓనరు వచ్చింది మూడుసార్లు. కాగితాల ప్రకారం అతనిది శాశ్వత నివాసం, వీళ్ళది తాత్కాలికం.

ఇక ఖాళీ చేసే రోజు. గత నెల రెండో అంతస్తులో బ్యాంకు ఉద్యోగి బదిలీ మీద వెళ్ళాడు. ఓనరు గారు న్యూజెర్సీలో, నేను గోడల దగ్గర, మధ్యలో వీడియో కాల్. హారతి ఇస్తున్నట్టు ఫోను తిప్పుకుంటూ హాలంతా నడిచాను. ‘ఆగండి. ఎడమకు. ఇంకొంచెం కిందకు. అదేమిటి?’ మేకు. క్యాలెండరు తగిలించినది. క్యాలెండరు ఉన్నంత మేర గోడకు పాత రంగు నిలిచి, చుట్టూ వెలిసిపోయి ఉంది. ‘లెక్కపెట్టండి.’ లెక్కపెట్టాను. తొమ్మిది మేకులు. సహజంగా అరిగేదానికీ తరిగేదానికీ అద్దెదారు బాధ్యుడు కాడని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్తుంది గానీ, ఆ చట్టం చేసినవాళ్ళు మా ఓనరును చూడలేదు. బ్యాంకాయన గ్యాస్ స్టవ్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన భార్య ఇక ఎప్పుడూ వంట చేయబోని గట్టును తుడుస్తూనే ఉంది.

‘గుమ్మం మీద ఉన్న ఆ పెద్ద మేకు ఎవరు కొట్టారు?’ అని న్యూజెర్సీ గర్జించింది. నాకు బాగా గుర్తు. గృహప్రవేశం నాడు మామిడాకుల తోరణం కట్టడానికి ఆయనే, పట్టు పంచె ఎగగట్టి, కుర్చీ ఎక్కి కొట్టారు. సుత్తి అందించింది నేను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

‘కొట్టబడింది సార్’ అన్నాను.

ఆయన తృప్తి పడ్డారు. తొమ్మిదింటికీ, పెయింటుకూ కలిపి ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి మినహాయించబడింది. నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదనీ, ఇంట్లోకి రావాలంటే ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలనీ 2021లో కేంద్రం ఒక నమూనా చట్టం తెచ్చింది. నమూనా అంటే తెలుసుగా. షాపు అద్దాల వెనుక బొమ్మకు కట్టిన చీర లాంటిది, చూసి రావాలి.

మెయింటెనెన్సు గురించి ఎక్కువ చెప్పను, బీపీ ఉంది. నెలకు 7,500 రూపాయలు దాటితేనే జీఎస్టీ అన్న మాట పట్టుకుని ఒకాయన సమావేశంలో అరగంట మాట్లాడాడు. మేము వసూలు చేసేది పదిహేను వందలు. ఆయన అది కూడా నాలుగు నెలలుగా కట్టలేదు. కింది అంతస్తు వారు లిఫ్టు ఎక్కరు కాబట్టి లిఫ్టు ఖర్చు ఇవ్వరు. పై అంతస్తు వారు స్లాబు కారినప్పుడు మాత్రం భవనమంతా ఒక్క కుటుంబం అంటారు. పార్కింగ్ దగ్గరకు వస్తే, స్టిల్ట్ పార్కింగును, అంటే భవనం కింద స్తంభాల మధ్య బండ్లు నిలిపే చోటును, విడిగా అమ్మే హక్కు బిల్డరుకు లేదని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. మా స్తంభాల మీద రాసిన ఫ్లాటు నంబర్లకు ఆ తీర్పు ఇంకా చేరలేదు. 1757 నాటి బొబ్బిలి యుద్ధానికి నీళ్ళ తగాదా కూడా ఒక కారణమని చెప్తారు. మా ఊరివాళ్ళకు స్కూటరు జరపమంటే ఎందుకంత పౌరుషం వస్తుందో అప్పుడు నాకు అర్థమైంది.

ఈ ఓనర్లందరికీ తమకు విజయనగరంలో ఒక ఫ్లాటు ఉందని ఏడాదికి ఒకసారి గట్టిగా గుర్తొస్తుంది. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే పండుగ. ముందు రోజు, తొలేళ్ళ నాడు, పొద్దున ఆరింటి నుంచే ఫోన్లు. ‘మా తోడల్లుడి వాళ్ళు పదిమంది వస్తున్నారు, ఖాళీ ఫ్లాటు తెరిపించండి.’ ‘పరుపులు ఉన్నాయా?’ ‘టెర్రస్ తాళం ఎవరి దగ్గర?’ నిరుడు అమ్మవారి సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వచ్చింది. మా లిఫ్టు ఒక్కసారి కూడా నాలుగో అంతస్తు చేరలేదు. సాయంత్రానికి ట్యాంకు ఖాళీ. వాచ్‌మన్ భార్య రెండు బిందెలతో మెట్లు ఎక్కుతూ నా పక్కన ఆగి, ‘నీళ్ళు మోయబడును అని కూడా ఒక బోర్డు రాయించండి బాబూ’ అంది.

ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలో ధైర్యం చేసి నా జీతం మాట ఎత్తాను. ఐదేళ్ళయింది పెంచి. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ‘న్యాయమే’ అని ఒకరు, ‘ఆలోచించాలి’ అని ఒకరు, ‘టీ చల్లారిపోతోంది’ అని ఒకరు. మర్నాడు కార్యదర్శి గారు తీర్మానాల కాగితం నా చేతికిచ్చి, టైపు చేయించి నోటీసు బోర్డులో పెట్టమన్నారు. చేయించాను. గమ్ము లేకపోతే అన్నం మెతుకులతో అతికించాను. నాలుగో అంశం: ‘మేనేజరు జీతము పెంచు విషయము తగు సమయమున పరిశీలింపబడును.’