కీరదోస ముక్క గారికి ఒక నైట్ డ్యూటీ మనిషి రాయునది

మహారాజశ్రీ కీరదోస ముక్క గారి సముఖమునకు,

తిరుపతి రైల్వే స్టేషన్ ఎదుటి సందులో, ఒక లాడ్జి కౌంటర్లో పదకొండేళ్ళుగా నైట్ డ్యూటీ చేస్తున్న మనిషి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నా కళ్ళ కింద సంచులు కూడా క్షేమం.

మన పరిచయం ఈనాటిది కాదు. నా చిన్నప్పుడు తమరు బస్టాండులో బస్సు కిటికీ దగ్గరికి వచ్చేవారు, నిలువునా చీలి, లోపల ఉప్పూ కారం పూసుకుని. అప్పట్లో తమరు నోట్లోకే వెళ్ళేవారు. కళ్ళ మీదికి ఎప్పుడు ఎక్కారో నాకు తెలీదు. బ్యూటీ పార్లర్ బోర్డు మీద, ఒకావిడ రెండు కళ్ళ మీదా గుండ్రంగా, ఆకుపచ్చ అంచుతో పడుకుని ఉండగా చూసి, ఎదిగిపోయారే అనుకున్నాను.

పోయిన నెల చిత్తూరులో మా అన్న కూతురి నిశ్చితార్థం. దానికి రెండు వారాల ముందు వదిన వీడియో కాల్ చేసింది. నేను అప్పుడే డ్యూటీ దిగి వచ్చి ఉన్నాను. "ఏంది నాయనా, కళ్ళ కింద మసి పూసుకున్నట్టుండావు? మగపెళ్ళివాళ్ళ ముందర ఇట్లనే నిలబడతావా?" అంది. పెళ్ళికూతురు నేను కాదు కదా వదినా అన్నాను. వినేదెవరు? ఆ సాయంత్రమే మా ఆవిడ రైతు బజారు నుంచి తమరిని కిలో తెచ్చింది.

మొదటి రోజు చల్లగా ఉంది, హాయిగా ఉంది. అబద్ధం చెప్పను. లేచి అద్దం చూసుకుంటే వాపు కాస్త తగ్గింది కూడా. గంట తర్వాత మళ్ళీ మామూలే. తమరిలో నూటికి తొంభై అయిదు పాళ్ళు నీళ్ళే. చల్లదనానికి కంటి చుట్టూ ఉండే సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు కాసేపు దిగుతుంది. ఆ పని చల్లటి నీళ్ళలో తడిపిన చేతిరుమాలు కూడా చేస్తుంది. పాపం, చేతిరుమాలు ఫోటోలో బాగుండదు. అందుకే దానికి పేరు రాలేదు.

మూడో రోజు సంగతి రాయకూడదనే అనుకున్నాను. ఊరుబిండికి పచ్చిమిరపకాయలు తరిగిన కత్తితోనే మా ఆవిడ తమరినీ తరిగింది. కారం పూసుకునే పాత అలవాటు తమరికి గుర్తొచ్చినట్టుంది. పక్కింటాయన పరిగెత్తుకొచ్చి, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగాడు.

దాంతో ఆగితే బాగుండేది. తమరు విఫలమయ్యారని తెలియగానే తమరి బంధువర్గమంతా బయల్దేరింది. తేనె చుక్క వేసుకోమని ఒకరు, ఎర్రగడ్డ రసం పిండుకోమని ఒకరు, నందివర్ధనం పూలని ఇంకొకరు. పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటాయి, నాకేం పేచీ లేదు. కంట్లో పిండుకోమంటేనే భయం. నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర గాజు కాదు, ప్రాణమున్న చర్మం లాంటిదే. వంటింట్లోని తేనెతో పాటు ఏ సూక్ష్మజీవి దిగుతుందో చెప్పలేం, అక్కడ పుండు పడితే చూపే పోవచ్చు. మా పెద్దత్తయ్య అయితే సుర్మా పెట్టుకోమంది. కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుందని చెబితే, "మా కాలంలో ఉండేది కాదులే" అంది. ఆ కాలంలోనూ ఉండేదని ఆమెతో ఎవరు చెబుతారు?

తమరి దోస్తు క్యారెట్ సంగతీ చెప్పాలి. క్యారెట్ తింటే చీకట్లో కూడా కనిపిస్తుందన్న మాటను రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వమే బాగా ప్రచారం చేసింది. రాత్రిపూట జర్మన్ విమానాలను కూల్చిన పైలట్ జాన్ కన్నింగ్‌హామ్ క్యారెట్లు తింటాడని చెప్పుకొచ్చారు. అసలు సంగతి విమానంలో పెట్టిన రాడార్. దాన్ని దాచడానికి క్యారెట్‌ను ముందుకు తోశారు. ఎనభై ఏళ్ళు దాటినా మా వీధిలో ఆ యుద్ధం ఇంకా నడుస్తోంది.

అలాగని ఆకూ కాయా అంతా మోసమని నేను అనను. విటమిన్ ఎ లేకపోతే రేచీకటి వస్తుంది, ముదిరితే పిల్లల చూపే పోతుంది. అందుకే మన దేశంలో 1970 నుంచి చిన్నపిల్లలకు ఆ విటమిన్ చుక్కలు పోస్తున్నారు. మా అమ్మకు ఈ లెక్కలేవీ తెలీవు. పొన్నగంటాకు తాళింపు చేసి, నాలుగు చెనిక్కాయలు దంచి చల్లి, సంగటి ముద్ద పక్కన పెట్టేది. "కళ్ళకు మంచిది, తినరా" అనేది. ఆకుకూరలో ఉండి, ఒంట్లో విటమిన్ ఎ గా మారే పసుపు పదార్థం ఒంటికి పట్టాలంటే నూనె కావాలి, చెనిక్కాయ ఆ పని చేసేది. మునగాకు, బొప్పాయి, వేసవిలో మన చిత్తూరు మామిడిపండు, ఇవన్నీ ఆ కోవలోనివే. ఒకటే తేడా. అవి కడుపులోకి వెళ్ళి పని చేస్తాయి, తమరి లాగా కంటి మీద కూర్చుని ఫోటో దిగవు.

ఇటు శ్రీకాళహస్తిలో తిన్నడి కథ తమరు వినే ఉంటారు. శివలింగం కంటి నుంచి రక్తం కారుతుంటే ముందు ఆకులు తెచ్చి పసరు పిండాడట. ఆగలేదు. అప్పుడు తన కన్నే పీకి పెట్టాడు. ఆకు పసరు పని చేయడం లేదని ఆయనకు అక్కడికక్కడే అర్థమైంది. నాకు పదకొండు రోజులు పట్టింది.

పదకొండో రోజు రాత్రి రెండు గంటలకు రైలు దిగిన ఒక కుటుంబం వచ్చింది. ఆధార్ కార్డు చేతికిచ్చారు. నంబరు కనపడలేదు. చెయ్యి బారున చాపాను, ఇంకా చాపాను. చివరికి ఆ ఇంటి పెద్దమనిషే "ఇటివ్వండి సార్, నేనే పట్టుకుంటాను" అని రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. నాకు నలభై ఏడేళ్ళు. మర్నాడు కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.

"చత్వారం. కంటి లోపలి కటకం వయసుతో పాటు బిరుసెక్కుతుంది, దగ్గరి వస్తువు మీద నిలవదు. కళ్ళద్దాలు పెట్టుకోండి" అంది డాక్టరమ్మ. మరి ఈ నలుపు మేడమ్ అన్నాను.

"మీ నాన్నగారికి ఉండేదా?"

"ఉండేది."

"కంటి కింద చర్మం చాలా పల్చన, లోపలి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. కొంత వంశం నుంచి వస్తుంది, కొంత వయసుతో. రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతారు?"

"నాలుగు."

"రాత్రిళ్ళు ఫోన్ చూస్తారా?"

"రూములు ఖాళీ లేనప్పుడు చూస్తాను మేడమ్."

"ఖాళీ ఉంటే?"

"అప్పుడూ చూస్తాను."

ఆమె నవ్వలేదు. ఫోన్ చూసేటప్పుడు రెప్ప కొట్టడం సగానికి తగ్గిపోతుందని, అందుకే మంటా ఎరుపూ అని చెప్పింది. ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూడమంది. షుగర్ టెస్టు రాసింది, ఉందని తేలితే ఏడాదికోసారి కంటి లోపలి పొర చూపించుకోవాలంది. ఆ చీటీలో తమరి పేరు ఎక్కడా లేదు. తిప్పి వెనకాల కూడా చూశాను.

నిద్రకు మందు రాయమంటే, పడుకోవడమే మందు అంది. లాడ్జి ఓనర్‌కు చెప్పి చూడండమ్మా అన్నాను.

కాబట్టి అయ్యా, రేపటి నుంచి మా ఇంట్లో తమరి డ్యూటీ మారుస్తున్నాను. పెరుగులోకి వేస్తాం, పైన కాస్త ఉప్పు. మా ఆవిడకు మాత్రం తమరి మీద గురి పోలేదు. నిన్న మధ్యాహ్నం తన కళ్ళ మీద తమరిని పెట్టుకుని పడుకుని, "స్టవ్ మీద పాలు పొంగుతున్నాయేమో చూడండి" అంది. చూశాను. కళ్ళద్దాలు లేకుండానే కనిపించాయి, నేల మీద.

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు

తా.క.: నిశ్చితార్థం ఆల్బం నిన్న వచ్చింది. మొత్తం మూడు ఫోటోల్లో ఉన్నాను. మూడింటిలోనూ కళ్ళు మూసుకునే ఉన్నాను.