కొండ ఎక్కే ముందే బ్రేకులు చూపించాలి

తిరుమల నుంచి తిరుపతికి దిగే కారు సుమారు 700 మీటర్ల ఎత్తు నుంచి కిందికి వస్తుంది. ఒకటిన్నర టన్నుల కారు అంత ఎత్తు దిగేటప్పుడు వెలువడే శక్తి 30 లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి చాలు. తక్కువ గేరులో దిగితే అందులో చాలా భాగాన్ని ఇంజినే అదుపు చేస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి, పెడల్ మీద కాలు తీయకుండా దిగితే ఆ వేడిలో అధిక భాగం బ్రేకుల మీదే పడుతుంది. అవి అప్పటికే అరిగి ఉంటే?

అరుగుదల మైదానంలో బయటపడదు. చెన్నై, బెంగళూరు ట్రాఫిక్‌లో రోజూ చక్కగా ఆగే కారు ఘాట్ మలుపుల్లో ఆగుతుందన్న భరోసా లేదు. చక్రంతో తిరిగే డిస్కును నొక్కి ఆపే బ్రేకు ప్యాడ్లు కొత్తగా సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటాయి, అవి 3 మిల్లీమీటర్లకు తగ్గాయంటే మార్చవలసిందే. పలచబడిన ప్యాడ్ వేడిని అడ్డుకోలేక బ్రేక్ ఆయిల్‌కు చేరవేస్తుంది. ఆ ఆయిల్ గాలిలోని తేమను నెమ్మదిగా పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ తొక్కితే బుడగలే నలుగుతాయి, చక్రానికి ఒత్తిడి అందదు. చల్లబడ్డాక పెడల్ మళ్లీ మామూలుగా పనిచేస్తుంది కాబట్టి మరునాడు చూసిన మెకానిక్‌కూ లోపం దొరక్కపోవచ్చు. ఇంజిన్ ఆయిల్‌ను గడువు తప్పకుండా మార్పించే వారిలోనూ ఎందరో బ్రేక్ ఆయిల్ ఊసే ఎత్తరు. రెండేళ్లకోసారైనా దాన్ని మార్పించాలి.

పెట్రోలు ఆదా అవుతుందని వాలులో ఇంజిన్ ఆపేసేవారూ ఉన్నారు. ఇంతకన్నా ప్రమాదకరమైన పొదుపు లేదు. ఇంజిన్ ఆగితే పెడల్ మీద మన కాలి ఒత్తిడిని పెంచే బూస్టర్ సాయం ఆగిపోతుంది, నాలుగైదు తొక్కుళ్లకే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పైగా నేటి ఇంజిన్లు గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా వాలు దిగుతున్నప్పుడు ఇంధనాన్ని వాటంతటవే నిలిపేస్తాయి. ఆదా అయ్యేది ఏమీ లేదు.

చట్టంలో ఉన్న వెలితి మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతోంది. టాక్సీలు, బస్సులు, లారీలు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాలి. సొంత కారుకు మాత్రం మొదటి రిజిస్ట్రేషనే 15 ఏళ్లు చెల్లుతుంది. మొదటి ఏడాది దాటాక పొగ పరీక్ష తప్పనిసరి, బ్రేకుల పరీక్ష మాత్రం అన్నేళ్లూ తప్పనిసరి కాదు. కుటుంబమంతటినీ ఎక్కించుకుని వెంకన్న దర్శనానికి వచ్చే వాహనానికి ఇది తగిన ఏర్పాటు కాదు.

చిత్తూరు వైపు మొగిలి ఘాట్‌లోనూ, భాకరాపేట ఘాట్‌లోనూ భారీ వాహనాల సమస్య వేరు. వాటివి గాలి బ్రేకులు. డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే లైనింగులు అరిగే కొద్దీ బ్రేకులను సర్దుబాటు చేయించాలి, గాలి ట్యాంకులో చేరిన నీటిని తరచూ వదలాలి. మామిడి సీజన్‌లో పరిమితికి మించిన బరువుతో బయలుదేరే లారీకి ఈ రెండూ చేయించకపోతే యజమాని డ్రైవర్ ప్రాణంతో ఆడుకుంటున్నట్టే.

కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న టీటీడీ నిబంధన మంచిది. అది వేగాన్ని పట్టుకుంటుంది కానీ అరిగిన ప్యాడ్‌ను పట్టుకోలేదు. అలిపిరి దగ్గర రవాణా శాఖతో కలిసి ఉచిత బ్రేకు తనిఖీ కేంద్రాన్ని టీటీడీ నడపాలి. దర్శనం ముగించుకుని బయలుదేరే చోట 'తక్కువ గేరులో దిగండి' అనే బోర్డులు తెలుగుతోపాటు తమిళం, కన్నడం, హిందీలోనూ ఉండాలి. సొంత కార్లకు ఏటా జరిగే పొగ పరీక్షతోపాటే బ్రేకుల పరీక్షనూ తప్పనిసరి చేయాలని రాష్ట్రం కేంద్రాన్ని కోరాలి. ఇక ఈ వారాంతంలో కొండకు బయలుదేరేవారు ఇవేవీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మెకానిక్‌తో చక్రాలు విప్పించి, ప్యాడ్ల మందం, వెనుక డ్రమ్ముల్లో లైనింగు, బ్రేక్ ఆయిల్ చూపించుకోవడానికి ఒక పూట చాలు.