పదమూడు ప్రశ్నల అల్లుడుగారికి

మహారాజశ్రీ స్వీయనిగ్రహ ప్రశ్నావళి గారికి,

చెన్నై నుంచి తమ అత్తవారు వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమకేం, ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయో లేదో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా అనే అంకె 0.7 దాటిందంటే ఏ దేశంలో ఉన్నా క్షేమమే.

తమది అమెరికా సంబంధం. 2004లో మనస్తత్వవేత్తలు జూన్ ట్యాంగ్నీ, రాయ్ బామైస్టర్, యాంజీ బూన్ కలిసి తమను లోకానికి పరిచయం చేశారు. 36 ప్రశ్నల అన్నగారు ఒకరున్నా ఆయన్ని చివరిదాకా భరించే ఓపిక ఎవరికీ లేదు, అందుకే 13 ప్రశ్నల తమరికే గిరాకీ. ఒక్క కాగితం, ఐదారు నిమిషాలు. పిల్లాడు ప్రతి వాక్యం పక్కనా 1 నుంచి 5 దాకా ఏదో ఒక అంకెకు సున్నా చుడితే వాడి నిగ్రహం ఎంతో తేలిపోతుంది. 13 వస్తే కోతి, 65 వస్తే భీష్ముడు. ఆ అంకెల్ని దేశాలవారీగా సగటు తీసి, ఎవరి పిల్లలు ఎంత బుద్ధిమంతులో పట్టిక కట్టేస్తారు. మా బాధంతా ఆ పట్టిక గురించే.

ముందు తమరు ఇంట్లోకి ఏ భాషలో వస్తారో చెప్పండి. చెన్నై తెలుగు పిల్లాడికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది. తెలుగు వినడం, మాట్లాడటం వచ్చి, చదవడం రాని పిల్లలు బోలెడుమంది. తమరు తెలుగు అచ్చులో వస్తే, తెలుగు చదవగలిగిన కొద్దిమందే మిగులుతారు. వాళ్ల ఇళ్లూ వాళ్ల బడులూ వేరు. ఇంగ్లీషులో వస్తే అది నిగ్రహ పరీక్షో ఇంగ్లీషు పరీక్షో తేల్చుకోవడం కష్టం. పోనీ ఎవరైనా చదివి వినిపిస్తారా అంటే, వంటింట్లోంచి అమ్మ వింటూ ఉంటుంది. అమ్మ చెవిన పడేలా 'నాకు బద్ధకం ఎక్కువ' అని ఒప్పుకునే ధైర్యమున్న పిల్లాడికి, ఆ ధైర్యానికే వేరే స్కేలు పెట్టాలి. ట్యాబ్లెట్‌లో రికార్డు చేసిన గొంతు, చెవిలో హెడ్‌ఫోన్లు, తెర మీద ఐదు బొత్తాలు. ఈ ఏర్పాటు కొంత నయం. కానీ అప్పుడు బొగొటాలోనూ నైరోబీలోనూ అదే పద్ధతి పెట్టాలి. ఒక ఊళ్లో కాగితం, ఇంకో ఊళ్లో హెడ్‌ఫోన్లు అయితే తేడా పిల్లల్లో ఉందో పరికరంలో ఉందో ఎవరూ చెప్పలేరు.

తమ తెలుగు వేషం కూడా చూశాం. 'ప్రలోభాలను ఎదుర్కోవడంలో నేను సమర్థుడిని' అని మొదటి వాక్యం. ప్రలోభం! తెలుగు పేపరు వచ్చే ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లకు ప్రలోభం అంటే ఎన్నికల ముందు రాత్రి పంచే నోట్లు, చీరలు. ఓటే లేదు కాబట్టి ధైర్యంగా 5కు సున్నా చుడుతుంది. పేపరు రాని ఇంట్లో పిల్లకు ఆ మాటే తెలియదు, మధ్యలో ఉన్న 3 చుడుతుంది. ఇద్దరి మధ్యా రెండు మార్కుల తేడా వచ్చింది. కొలిచింది మాత్రం ఇంటికి పేపరు వస్తుందా రాదా అన్నది. పైగా 'సమర్థుడిని' అంటే ఆ పిల్ల ఏం చేయాలి? 'నేను'కు మన దగ్గరా ఆడామగా లేదు గానీ, పక్కన 'సమర్థుడిని' లాంటి మాట చేరితే వచ్చేస్తుంది, ఇంగ్లీషులో ఆ బెడద లేదు. గీత గీసి 'సమర్థుడిని/సమర్థురాలిని' అని రాస్తే వాక్యం రైల్వే ఫారంలా తయారవుతుంది. 'నేను బద్ధకస్తుణ్ణి' బదులు 'నాకు బద్ధకం ఎక్కువ' అంటే ఈ బాధే ఉండదు.

తమ తరఫువాళ్లు వెంటనే బ్యాక్ ట్రాన్స్‌లేషన్ సర్టిఫికెట్ తీస్తారు. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఒకరు తెలుగులోకి మార్చాలి, మూలం చూడని ఇంకొకరు మళ్లీ ఇంగ్లీషులోకి మార్చాలి, రెండు ఇంగ్లీషులూ సరిపోతే పాస్. 'ప్రలోభం' ఇందులో ఫస్ట్ క్లాసులో పాసవుతుంది. నిఘంటువు చూసి వెళ్లిన మాట నిఘంటువు చూసే తిరిగొస్తుంది. దారిలో పిల్లకు అర్థమైందా అని అడిగే స్టేషను ఆ రైలుకు లేదు. అంతకన్నా, ఇద్దరు విడివిడిగా అనువదించి, విషయం తెలిసిన మూడో మనిషితో కూర్చుని మాట మాటా పోట్లాడుకుని, తర్వాత పదిమంది పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి 'ఈ ప్రశ్న నిన్నేం అడిగింది? నీ మాటల్లో చెప్పు' అని అడిగితే సగం రోగం అక్కడే బయటపడుతుంది.

అలా అడిగి చూస్తేనే చిన్న మాటల బరువు తెలుస్తుంది. 'వద్దన్నది ఎదురుగా ఉన్నా ఆగగలను', 'వద్దనుకున్నది ఎదురుగా ఉన్నా ఆగగలను'. మధ్యలో ఒక్క 'అనుకోవడం' తేడా. మొదటి దానిలో వద్దన్నది నాన్న. రెండో దానిలో వద్దనుకున్నది పిల్లాడు. ఒకటి మాట వినడం, రెండోది నిగ్రహం. తెలుగిళ్లలో రెండింటికీ కలిపి 'బుద్ధిగా ఉండటం' అనే ఒకే పేరు, తమ సిద్ధాంతంలో మాత్రం రెండూ వేరు. 'క్రమశిక్షణ' గతీ ఇంతే. తమ దృష్టిలో అది లోపలి గుణం, ఇక్కడది అసెంబ్లీలో వరసలో నిలబెట్టే పీటీ మాస్టారి గుణం.

ఇప్పుడు లెక్కల పీరియడ్. తమ 13 వాక్యాల్లో 4 మాత్రమే తిన్నగా నడుస్తాయి, మిగతా 9 తిరగలి వాక్యాలు. 'చెడు అలవాట్లు మానుకోవడం నాకు కష్టం' లాంటివి. వీటికి 5 పెడితే లెక్కలో 1 అవుతుంది, 4 పెడితే 2. పిల్లాడు పరధ్యానంగా గీకితే దొరికిపోతాడని ఈ ఏర్పాటు. మంచిదే. కానీ పెద్దవాళ్లు ఏమడిగినా 'అవునండీ' అనే పిల్లాణ్ణి తీసుకోండి. అన్నింటికీ 4 చుడతాడు. తిన్నని నాలుగుకు 16, తిరగేసిన తొమ్మిదికి 18, మొత్తం 34. పక్క బెంచీలో ఏమడిగినా 'కాదు' అనే మొండివాడు ఉంటాడు. అన్నింటికీ 2 చుడతాడు. తిన్నని వాటికి 8, తిరగేసిన వాటికి 36, మొత్తం 44. ప్రశ్నలు ఇద్దరూ చదవలేదు. తమ లెక్కలో మొండివాడికి 10 మార్కుల నిగ్రహం ఎక్కువ! ఒప్పుకోవడమే మర్యాద అనుకునే దేశాలన్నీ తమ పట్టికలో కిందికి జారడానికి ఇది చాలు.

వీటిలోనూ ఒక ఆణిముత్యం ఉంది: 'నాకింకా ఎక్కువ స్వీయ క్రమశిక్షణ ఉంటే బాగుండు'. దీనికి 5 పెట్టినవాడు నిగ్రహం లేనివాడని తమ తీర్పు. అయ్యా, ఇది రిపోర్టు కార్డు వచ్చిన రోజు ప్రతి తెలుగింట్లో నాన్న అనే మాట. వంద మార్కులకు 96 తెచ్చుకుని 'ఇంకా కష్టపడాలి' అని తల దించుకునే పిల్లే దీనికి 5 చుడుతుంది. ఆ వినయానికి తమరు నాలుగు మార్కులు కోస్తారు.

నడుమ ఉన్న 3 గురించి ఒక్క ముక్క. దాన్ని తెలుగులో ఏమంటారు? 'పర్లేదు' అంటే బాగుందని, బాగాలేదని, ఇక వడ్డించొద్దని, మూడర్థాలూ ఉన్నాయి.

ఇక తూకం దగ్గరికి వద్దాం. కాశిమేడు చేపల రేవులో మూడు గంపలు మూడు కాటాల మీద తూచి, ఏది బరువో చెప్పాలనుకోండి. మొదట అవన్నీ ఒకేలా పనిచేసే కాటాలై ఉండాలి. రెండోది, ఒకచోట కిలో అన్నది ఇంకోచోటా కిలోనే కావాలి. మూడోది, చేప వేయకముందు ముల్లు సున్నా మీద ఉండాలి, అంటే ఖాళీ గంప బరువు ముందే తీసేసి ఉండాలి. తమ విషయంలోనూ ఇవే మూడు మెట్లు. 13 ప్రశ్నలూ అన్ని దేశాల్లో ఒకే గుణానికి వేలాడుతున్నాయా? నిగ్రహం ఒక మెట్టు పెరిగితే ప్రతి ప్రశ్నలో జవాబు అంతటా అంతే పెరుగుతుందా? ఒకే నిగ్రహమున్న ఇద్దరు పిల్లలు, దేశం వేరైనా, ఒకే అంకె చుడతారా? దేశానికి కనీసం రెండు మూడొందల మందినైనా తీసుకుని, జవాబుల వెనక దాగిన గుణం అనుకున్నట్టే ఉందా అని చూసే కన్‌ఫర్మేటరీ ఫ్యాక్టర్ అనాలిసిస్‌లో ఒక్కో మెట్టుకూ బిగింపు పెంచుకుంటూ పోవాలి. బిగించినప్పుడల్లా మన నమూనా ఆ జవాబులకు ఎంత బాగా సరిపోయిందో చెప్పే సీఎఫ్ఐ అనే అంకె 0.01 కంటే ఎక్కువ పడిపోతే ఆ మెట్టు విరిగినట్టే. చూంగ్, రెన్స్‌వోల్డ్ 2002లో చెప్పిన ఈ కొలతనే చాలామంది వాడుతున్నారు.

జరిగేది ఏమిటంటే, మొదటి మెట్టు దగ్గరే ఆ తొమ్మిది తిరగలి వాక్యాలూ వేరు కాపురం పెట్టి, నిగ్రహంతో సంబంధం లేకుండా తమలో తాము జట్టు కడతాయి. దాన్ని సర్దుకుంటే రెండో మెట్టు తరచుగా నిలుస్తుంది. మూడోదే తరచుగా విరుగుతుంది. విరిగితే సగటులు పోల్చకూడదు. రెండో మెట్టు నిలిచిందంటే మాత్రం ఒక దేశంలో నిగ్రహానికీ చదువుకూ ఉన్న సంబంధాన్ని ఇంకో దేశంలో సంబంధంతో పోల్చుకోవచ్చు. లేదా ఏ ప్రశ్న విరగ్గొట్టిందో పట్టుకుని దాని కట్లు విప్పి, కనీసం రెండు మూడు ప్రశ్నలు గట్టిగా నిలిస్తే వాటి ఆధారంగా పోల్చవచ్చు. దేశాలు ఎక్కువైతే 2014లో అస్పరూహోవ్, ముతేన్ ఇచ్చిన అలైన్‌మెంట్ పద్ధతి ఉంది, ప్రతి ప్రశ్నా అచ్చంగా సమానం కాకపోయినా సగటులు పోల్చనిస్తుంది. దారులు లేక కాదు. ఆల్ఫా చూపించి సరాసరి పట్టికకు పరుగెత్తడమే అలవాటైపోయింది. ఆల్ఫా చెప్పేది ఒక ఇంట్లో అన్నదమ్ములు కలిసి ఉన్నారని మాత్రమే. పక్కింటి కాటాతో మన కాటా కలిసిందో లేదో దానికేం తెలుసు?

తమ మాట నమ్మలేకపోతే ఆటలతో కొలవండి అంటూ బావమరిది బుడగగారిని పంపుతారు. ఎవరు ఎంత తెగిస్తారో కొలవడానికి 2002లో కార్ల్ లెజ్వే బృందం తయారుచేసిన కంప్యూటర్ ఆట. ఎక్కువగా వాడే రూపంలో 30 బుడగలు. పంపు కొట్టిన ప్రతిసారీ 5 సెంట్లు జమ, పేలితే ఆ బుడగ మీద డబ్బంతా పాయె. పేలడం 128 కొట్టుళ్లలో ఎప్పుడైనా జరగొచ్చు, సగటున 64 దగ్గర. పేలని బుడగలకు సగటున ఎన్నిసార్లు కొట్టాడన్నదే స్కోరు. అనువదించాల్సిన వాక్యాలు తక్కువ కాబట్టి సంస్కృతి అంటదని ధీమా. ఆ 5 సెంట్లను ఏం చేస్తారు? మారకం రేటు ప్రకారం రూపాయల్లోకి మారిస్తే, బస్‌పాస్ మీద తిరిగే పిల్లాడికి ఆట ముగిసేసరికి పండగే. 5 పైసలు చేస్తే ఆ నాణెం 2011లోనే చెల్లకుండా పోయింది. పైగా డబ్బు కోసమైతే 64 దాకా కొట్టడమే లాభం, చాలామంది అంతకు ముందే ఆగిపోతారు. 20 దగ్గర ఆగినవాడు జాగ్రత్తపరుడా, లేక ఇంటర్వెల్ బెల్లు కోసం తొందరపడుతున్నాడా? కంప్యూటర్ ల్యాబులో నలభై మందిని వరసగా కూర్చోబెడితే ప్రతి 'ఢాం'కూ పక్కవాడు నవ్వుతాడు. స్నేహితులు చూస్తుంటే కుర్రాళ్లు ఎక్కువ సాహసం చేస్తారని గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 2005లోనే చూపించారు. ఒక దేశంలో ఒంటరి గది, ఇంకో దేశంలో కిక్కిరిసిన ల్యాబు పెట్టి, చివరికి తేడా రక్తంలో ఉందని రాయడం భావ్యమా?

అసలు తమకూ బావమరిదికీ మాటలే లేవట కదా! 2017లో ఫ్రే బృందం 1,507 మంది సాహస ధోరణిని 39 రకాల కొలతలతో కొలిస్తే, ప్రశ్నావళులు ఒకదానితో ఒకటి బాగానే కలిశాయి, ఆటలు మాత్రం ప్రశ్నావళులతోనూ కలవలేదు, తమలో తాము కూడా పెద్దగా కలవలేదు. కాబట్టి బుడగ సాక్ష్యంతో తమ మీద కేసు కొట్టేయలేం, తమ సాక్ష్యంతో బుడగ మీదా కొట్టేయలేం.

నిజజీవితం లెక్క అడుగుతారా? ఫుట్‌బోర్డు చూడండి. 'కదిలే బస్సు మెట్ల మీద వేలాడావా?' అన్నది చెన్నైకి తగిన ప్రశ్నే. అవునన్న ఇద్దరిలో ఒకడు లోపల సీటున్నా గాలి కోసం, చూసేవాళ్ల కోసం వేలాడతాడు. ఇంకొకడు ఎనిమిదిన్నర బస్సులో లోపలికి కాలు పెట్టే చోటు లేక, లేటైతే గేటు బయట నిలబెడతారని వేలాడతాడు. రెండోవాడిది సాహసం కాదు, హాజరు. అదే రూటులో తలుపులు మూసుకునే బస్సు వేస్తే మర్నాటికి ఇద్దరూ 'లేదు' అంటారు. మారింది బస్సే కదా. అందుకే 'చేశావా' పక్కన 'చేసే అవకాశం ఎన్నిసార్లు వచ్చింది', 'ఎందుకు చేశావు' కూడా అడగాలి. బండి సంగతీ అంతే. అమెరికాలో చాలాచోట్ల పదహారేళ్లకే కారు లైసెన్సు చేతికొస్తుంది. ఇక్కడ పద్దెనిమిది నిండకుండా గేరు బండి తీస్తే, 2019 సవరణ తర్వాత, తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఒకే పని అక్కడ ప్రయాణం, ఇక్కడ నేరం. తమ పట్టికలో రెండూ ఒకే గడిలో పడతాయి.

ఇంత అన్నా తమ వంశాన్నంతా తీసిపారేయడం లేదు. ఇండియాతో కలిపి 11 దేశాల్లో, 10 నుంచి 30 ఏళ్ల మధ్యవాళ్లు ఐదు వేల మందికి పైగా, స్టైన్‌బర్గ్ బృందం 2018లో ఒక పని చేసింది. కొత్తదనం కోసం ఎగబడటం పందొమ్మిది దగ్గర శిఖరానికి చేరుతుందని, తమాయించుకునే శక్తి ఇరవై మూడు, ఇరవై ఆరు మధ్య గానీ స్థిరపడదని చెప్పింది. అది వయసుతో పాటు వచ్చే వంపును చూసే ప్రశ్న, ఒక్క కొలతనే నమ్ముకోలేదు. ఆ పద్ధతిలో వస్తే పీట వేస్తాం.

తమరు రావాలంటే మా షరతులు ఇవీ. తిన్నని వాక్యాలు, తిరగలి వాక్యాలు ఇంచుమించు సగం సగం చేసుకుని రండి. ఏ ఊళ్లో ఎవరు, ఏ భాషలో, ఏ పరికరంతో, ఎవరి ఎదుట అడిగారో కాగితం మీద పెట్టండి. మూడో మెట్టు విరిగితే ఆ సంగతి పట్టిక పైన రాయండి, అనుబంధం చివరి పేజీలో కాదు. క్లాసులో తమరు ఉన్నంతసేపూ టీచరుగారు బెంచీల మధ్య తిరగకూడదు, స్టాఫ్ రూములో కాఫీ మేం ఇప్పిస్తాం.

ఇట్లు,
తమ రాకకై ఎదురుచూసే
చెన్నై అత్తవారు

తా.క.: వచ్చేటప్పుడు 'ప్రలోభం' మోసుకురావద్దు. ఎన్నికలప్పుడు ఇక్కడే దొరుకుతుంది.