మెనూ కార్డుకెక్కిన రాగి సంగటి గారికి

అయ్యా,

నిన్న ఆదివారం మధ్యాహ్నం తిరుపతిలో ఒక ఏసీ హోటల్లో మీ దర్శనానికి వచ్చిన ఆరుగురిలో నేనొకడిని. ఈ ఊరివాళ్ళం కాబట్టి దర్శనానికి వేచి ఉండటం మాకు కొత్త కాదు. "వచ్చేస్తా ఉంది సార్" అన్న ఒక్క మాటను నమ్ముకుని గంటా పది నిమిషాలు కూర్చున్నాము. కొండ మీద కంపార్టుమెంటులో కూర్చోబెడితే పాలో ఉప్మానో చేతికందుతుంది. ఇక్కడ అడగకుండానే మూత తీసిన నీళ్ళ సీసాలు అందాయి, అవీ బిల్లుకెక్కాయి.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపించాక మీ హోదా పెరిగిందని తెలుసు. చిత్తూరు జిల్లా పల్లెల్లో వరి అన్నం పండుగకూ, మీరు పూటపూటకూ అన్న రోజుల్లో, సంగటి తిన్నామని బడిలో చెప్పుకోవడానికి మా నాన్న సిగ్గుపడేవారట. ఇప్పుడు మొదటి పేజీలో, బంగారు రంగు అక్షరాల్లో, ముద్ద 190 రూపాయలు.

కంటి ఆపరేషన్ కోసం పాకాల దగ్గరి పల్లె నుండి వచ్చి, ఐదు రోజులుగా మా ఇంటి ఇడ్లీలతో సరిపెట్టుకుంటున్న మా అవ్వ ముందుకు మీరు బొమ్మల పెళ్ళికి అల్లినట్టున్న వెదురుబుట్టలో, అరటాకు ముక్క మీద, పెద్ద నిమ్మకాయంత రూపంలో విచ్చేశారు. పులుసు పోసుకోవడానికి గుంట చేద్దామని ఆమె బొటనవేలు ఆనించగానే మీరు జారి పళ్ళెం అంచుకు కొట్టుకుని రెండుగా పగిలారు. లోపల తడి తగలని పొడిపిండి. "ఏం నాయనా, దీంట్లో గుంట పెడితే ఇంక ముద్దేడ మిగలతాది?" అని అడిగి, అవ్వ వేలికంటిన పిండిని చీర కొంగుకు తుడుచుకుంది.

సంగటి ఎలా అవుతుందో సంగటికే చెప్పవలసి రావడం విచారకరం. బియ్యం మెత్తగా ఉడికిన తరువాత, పైన రాగిపిండి పోసి, కలపకుండా మూతపెట్టి సన్నని సెగ మీద మగ్గనిచ్చి, అప్పుడు కుండను కదలకుండా అదిమిపట్టి, భుజాలు పడిపోయేదాకా కట్టెతో కెలికితే గానీ ఉండలు విడిపోవు. తడిచేత్తో చుట్టిన ఆ ముద్దను పొగలు పోకముందే పులుసులో అద్ది, నమలకుండా మింగుతాము. నిన్ను మాత్రం ఎవడో పొద్దున్నే ఉడికీ ఉడకని పిండితో చుట్టేసి, ఫ్రిజ్జులో దాచి, మధ్యాహ్నం మైక్రోవేవులో ఒక తిప్పు తిప్పి పంపించాడు. క్షమించు, ఇక "మీరు" అనడం నా వల్ల కాదు. కళ్ళకు పచ్చగుడ్డ కట్టుకున్న మనిషి, తిన్నదేదో వేలితో తడిమి తెలుసుకునే మనిషి ముందుకు ఆ పిండిముద్దగా రావడానికి నీకు సిగ్గు లేదా?

నాటుకోడి పులుసులో జీడిపప్పు ముద్ద తేలింది, కోడి తేలలేదు. అడగకుండా వేసిన సర్వీసు చార్జీని, 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలను ఫోనులో చూపించి తీయించాను. మేనేజరు ముఖం నీకంటే గట్టిపడింది.

నేరమంతా నీ ఒక్కదానిదే అని కూడా అనలేను. మా అపార్టుమెంటులో మూడు మిక్సీ జార్లున్నాయి గానీ సంగటి కెలికే కట్టె ఒక్కటీ లేదు. ఉండి ఉంటే అవ్వను నీ దగ్గరకు తెచ్చే అవసరమే వచ్చేది కాదు.

ఎవరూ ముట్టని నాలుగు ముద్దలను అవ్వ పొట్లం కట్టించుకుంది. రాత్రి వాటిని నీళ్ళల్లో వేసి, తెల్లవారాక చేత్తో పిసికి, మజ్జిగా ఉప్పూ కలిపి, ఎర్రగడ్డ నంజుకుంటూ చెంబెడు తాగింది. మిగిలిన గ్లాసుడు నేను తాగాను. రెండోసారి కూడా అడిగాను గానీ, అప్పటికి చెంబు ఖాళీ.

ఇట్లు,
ఆరు ముద్దలకు 1,140 రూపాయలు కట్టినవాడు