ఒంటిమీద మోసే శకటాలు

2015 మిస్ యూనివర్స్ పోటీల్లో థాయ్‌లాండ్ అమ్మాయి అనిపోర్న్ చలెర్మ్‌బురనవాంగ్ ఏకంగా ఆటోనే ఒంటికి తొడుక్కుని వచ్చింది. చేతికందే చోట హ్యాండిల్, ముందువైపు నిజంగానే వెలిగే హెడ్‌లైట్లు. బ్యాంకాక్ వీధుల్లో టూరిస్టుల వెంటపడే టుక్‌టుక్ అది. ఉత్తమ జాతీయ వేషధారణ బహుమతి ఆమెకే దక్కింది. 2018లో వియత్నాం నుంచి వచ్చిన హెన్ నియె రొట్టెల బుట్టలతో వేదికెక్కింది. బాన్ మీ అని, అక్కడ వీధి బండ్ల మీద అమ్మే శాండ్‌విచ్. ఫ్రెంచివాళ్ల పాలనలో వచ్చిన రొట్టె మన జాతీయ వేషం ఎలా అవుతుందని వాళ్ల దేశంలోనే కొందరు మూతి ముడిచారు. ఆమె మాత్రం ఆఖరి ఐదుగురిలో నిలిచింది.

ఇలాంటి ఫొటోలు ఫోన్లలో తిరిగినప్పుడు నవ్వుకునేవాళ్లే ఎక్కువ. ఈ నేషనల్ కాస్ట్యూమ్ రౌండ్ శ్రుతి మించిపోయిందనీ, సంస్కృతిని నవ్వులపాలు చేస్తున్నారనీ ఎవరో ఒకరు విసుక్కుంటూనే ఉంటారు. ఆర్భాటంతో నాకైతే పేచీ లేదు. అంత ఆర్భాటం చేసి ఏం చెబుతున్నారన్నదే నేను చూస్తాను. ఆ లెక్కన ఆటో, రొట్టె నాకు భలే నచ్చాయి. మన దేశం పంపించేవే నచ్చడం లేదు.

అసలు ఈ రౌండ్‌ని బట్టల పోటీ అనుకోవడం దగ్గరే తేడా వస్తుంది. రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో రాష్ట్రానికొకటి చొప్పున శకటాలు నడుస్తాయి కదా, ఇవీ ఆ కోవలోవే. కాకపోతే ఇక్కడ మొత్తం బరువు ఒక్క మనిషి మోయాలి, అదీ హైహీల్స్ మీద, నవ్వుతూ. పదుల కొద్దీ దేశాలు, ఒక్కొక్కరికి దొరికేది కొన్ని సెకన్లు. వెనక వరసలో కూర్చున్నవాళ్లకి చీర అంచు కనిపించదు, సూదిపని కనిపించదు. కనిపించేది ఎత్తు, వెడల్పు, వెలుగు. అందుకే ఎటు చూసినా రెక్కలే. పైగా కిరీటం మీద పెద్దగా ఆశ లేని చిన్న దేశాలకు వార్తల్లోకి ఎక్కే దారి ఇదొక్కటే. 2016 పోటీల్లో మయన్మార్, 2018లో లావోస్ ఈ బహుమతి పట్టుకెళ్లాయి. మయన్మార్ అమ్మాయి అయితే తాళ్లతో ఆడించే బొమ్మలాట వేదికనే వీపున మోసుకొచ్చింది.

ఈ భారీ వేషాలకు ఇండోనేషియాలో ఒక పుట్టిల్లు ఉంది. తూర్పు జావాలోని జెంబర్ అనే ఊళ్లో దినంద్ ఫరీజ్ అనే డిజైనర్ వీధుల్లో ఫ్యాషన్ కార్నివాల్ మొదలుపెట్టాడు. ఊరి కుర్రకారు ఆ వేషాలు వేసుకుని రోడ్ల వెంట నడుస్తారు. 2014 పోటీల్లో ఇండోనేషియాకు బహుమతి తెచ్చిన బోరోబుదూర్ స్తూపం వేషం ఆయన చేతిలో తయారైందే. ఊరేగింపు కోసం, దూరం నుంచి చూడటం కోసం పుట్టిన కళ అది. దాన్ని పట్టుకుని, ఇది మీ అమ్మమ్మలు కట్టుకున్న బట్టేనా అని అడిగితే ఏం చెబుతారు?

ఇలాంటి వేషం కోసం దేశాలు వాదులాడుకున్న సందర్భమూ ఉంది. 2009లో పెరూ అమ్మాయి కరెన్ ష్వార్జ్ డయాబ్లాడా వేషం వేసింది. కొమ్ములు పెట్టుకుని ఆడే దెయ్యాల నాట్యం అది. ఇది మా ఒరూరో ఊరి కార్నివాల్‌ది, మా సొత్తు అంటూ బొలీవియా ప్రభుత్వం లేచింది. అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తామని కూడా అంది. ఒరూరో కార్నివాల్‌కి 2001లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది. టిటికాకా సరస్సు ఒడ్డున మా పూనోలోనూ ఇదే ఆట ఆడతాం కదా అని పెరూ వాళ్ల వాదన. ఇద్దరిదీ నిజమే. ఆ కొండల్లో ఐమారా జనం రెండు దేశాలూ పుట్టకముందు నుంచే ఉన్నారు. అంతకాలం కలిసి ఆడుకున్నదానికి, అందాల పోటీ వేదిక మీదికి వచ్చేసరికి పట్టా అవసరమైంది.

ఆర్భాటం లేకుండా గెలిచింది మళ్లీ మయన్మారే. 2021 మేలో ఫ్లోరిడాలో పోటీలు. అప్పటికి మూడు నెలల ముందే మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కుంది. థుజార్ వింట్ ల్విన్ చిన్ తెగ దుస్తుల్లో వేదిక మీదికి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే చిన్ ప్రాంతంలో సైన్యానికీ, ఎదురు తిరిగినవాళ్లకీ పోరు ముదిరింది. చేతిలో చుట్టి పట్టుకున్న ప్లకార్డు విప్పి చూపించింది. మయన్మార్ కోసం ప్రార్థించండి అని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. రెక్కల్లేవు, లైట్లు లేవు. బహుమతి ఆమెకే వచ్చింది. 2023 జనవరిలో న్యూ ఆర్లీన్స్‌లో ఉక్రెయిన్ అమ్మాయి విక్టోరియా అపనాసెంకో పెద్ద రెక్కలు, చేత్తో కత్తి పట్టుకుని వచ్చింది. కీవ్ నగరాన్ని కాపాడతాడని వాళ్లు నమ్మే దేవదూత మైకేల్ వేషం అది. దేశం యుద్ధంలో ఉండగా ఆ రెక్కలు ఎబ్బెట్టుగా అనిపించలేదు.

అదే వేదిక మీద మన దివితా రాయ్‌కీ రెక్కలే. 'సోనే కీ చిడియా', బంగారు పిచ్చుక. ఆ వేషానికి వాడింది చేత్తో నేసిన చందేరి బట్ట. అంత రెక్కల మధ్య ఆ నేత ఎవరి కంటపడింది? దానికి ముందు పోటీలో కిరీటం తెచ్చిన హర్నాజ్ సంధు వేషం గొడుగు పట్టిన రాణిది. డిజైనర్ పనితనానికి వంక పెట్టడం లేదు. కానీ బంగారు పిచ్చుక అనేది ఒకప్పుడు మాకు చాలా ఉండేది అని చెప్పుకునే మాట. ఇప్పటి దేశం అందులో ఎక్కడుంది? వియత్నాం రోజూ తినే రొట్టెను ధైర్యంగా పంపింది. మన ఊహ ఇంకా అంతఃపురం గడప దాటడం లేదు.

2025 మేలో హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ జరిగినప్పుడు వందకు పైగా దేశాల అమ్మాయిలు మన దగ్గరికే వచ్చారు. గచ్చిబౌలి స్టేడియంలో జాతీయ దుస్తుల్లో నడిచారు. వరంగల్‌లో వాళ్లతో బతుకమ్మ ఆడించారు. ఆ పర్యటనలోనే స్థానిక మహిళలు వాళ్ల కాళ్లు కడిగిన వీడియో బయటికొచ్చి రచ్చ రచ్చ అయింది. అతిథి మర్యాద అని ఒకరు, ఆత్మగౌరవం తాకట్టు పెట్టారని ఒకరు. నన్నడిగితే రెండో మాటే కరెక్టు. మర్నాడు పోచంపల్లి తీసుకెళ్లి మగ్గాలు చూపించారు. నా దృష్టిలో మొత్తం పర్యటనలో దమ్మున్న రోజు అదే.

ఎందుకంటే పోచంపల్లి చీరలో డిజైన్ మగ్గం ఎక్కకముందే పుడుతుంది. నూలుకు కట్లు కట్టి, రంగుల్లో ముంచి, అప్పుడు నేస్తారు. ఆ కట్లకన్నా ముందు ఆసు పోయాలి. ఒక చివర ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస. వాటి మధ్య దారాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ పోటీలకు కావలసిన రెక్కలు ఆ చట్రంలోనే ఉన్నాయి. వీపున అర్ధచంద్రాకారపు ఆసు, మేకుల మీంచి దిగే తెల్ల నూలు, నడుము దగ్గరికొచ్చేసరికి కట్లు, ఆ కింద రంగులు, ఆఖరికి కుచ్చిళ్లలో అసలైన ఇక్కత్. వెనక వరస వాళ్లకీ కనిపిస్తుంది. ఉన్న కొద్ది సెకన్లలో చీర పుట్టుక మొత్తం చూపించొచ్చు. ఇది గీసి పట్టుకెళ్తే ఎంపిక చేసేవాళ్లు ఏమంటారో కూడా చెప్పగలను: చాలా బాగుందండీ, కాకపోతే మధ్యలో ఒక నెమలి పెట్టండి.