కసి మీద న్యూటన్‌కి ఎందుకింత కక్ష?

ఆటల్లో గెలుపోటములను తేల్చేది కసి. ఈ సంగతి టీవీ ముందు కాళ్లు చాపుకుని కూర్చునే ప్రతి ఒక్కరికీ తెలుసు. గెలిచినవాడికి కసి ఉంది, ఓడినవాడికి లేదు. ఇంత చక్కటి సిద్ధాంతం చేతిలో ఉండగా ఒంటి కదలికలకు భౌతికశాస్త్రంతో లెక్కలు కట్టే బయోమెకానిక్స్ అనే శాస్త్రం ఒకటి బయలుదేరి, టార్క్ (తిప్పే బలం) అనీ గరిమనాభి (బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కకట్టే బిందువు) అనీ లేనిపోని మాటలు తెస్తోంది. ఇక ఉపేక్షించి లాభం లేదు.

లాంగ్‌జంప్‌నే తీసుకోండి. ఆటగాడు గాల్లో కాళ్లు ఆడిస్తుంటే, ఇంకాస్త ముందుకెళ్లాలన్న ఆ తపనకు కామెంటేటర్ గొంతు పూడుకుపోతుంది. మన కళ్లూ చెమరుస్తాయి. శాస్త్రం ఏమంటుందంటే, కాలు నేలను వదిలిన క్షణంలోనే వేగం, కోణం, ఎత్తు కలిసి గరిమనాభి దారిని ఖరారు చేసేశాయట. ఆ కాళ్ల ఆట అంతా ఒళ్లు ముందుకు బోర్లా తిరిగిపోకుండా కాచుకోవడానికేనట! ఎంత తపన ఉన్నా గాల్లో నెట్టుకోవడానికి ఏమీ దొరకదట.

హైజంప్‌లో ఏకంగా మోసమే జరిగింది. 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్‌బరీ బార్‌కి వీపు చూపించి 2.24 మీటర్లు దూకి స్వర్ణం పట్టుకుపోయాడు. వీపును విల్లులా వంచి దూకితే ఒళ్లంతా బార్ పైనుంచి వెళ్తుండగానే గరిమనాభి మాత్రం బార్ కిందనుంచి జారుకోగలదు. దొడ్డిదారిన వెళ్లినవాళ్లకు పతకాలా?

అసలు మన ఒంటి నిర్మాణం మీదే విచారణ వేయించాలి. మోచేయి మడిచి అరచేతిలో 5 కిలోల బరువు పట్టుకోండి. దాన్ని మోసే కండ, మోచేతి కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో ఎముకకు అతుక్కుని ఉంటుంది. బరువేమో ముప్పై సెంటీమీటర్ల అవతల. అందుకని కండ దాదాపు ఏడు రెట్ల బలంతో లాగాలి. ఇలాంటి క్రేన్ కట్టిన కాంట్రాక్టర్‌ని మనం బ్లాక్‌లిస్టులో పెడతాం. దీనికీ వాళ్ల దగ్గర సమర్థన ఉంది: బలం పోయినా వేగం దక్కిందట, కండ కాస్త కుదించుకుంటే చాలు, చెయ్యి చాలా దూరం కదులుతుందట. విసిరేవాడికి బాగానే ఉంది. మరి నేల మీది పెట్టెను చేతులు చాచి, నడుం వంచి ఎత్తేవాడి గతేమిటి? అతనికీ కసి ఉందిగా! అయినా బరువు ఒంటికి ఎంత దూరంగా ఉంటే నడుం మీద భారం అంత పెరుగుతుందని మొండికేస్తారు.

జావెలిన్ సంగతి సరేసరి. 1984లో తూర్పు జర్మనీకి చెందిన ఉవే హోన్ 104.80 మీటర్లు విసిరాడు. 1986లో పురుషుల జావెలిన్ గరిమనాభిని 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. దాంతో దాని ముక్కు త్వరగా కిందికి వంగింది, దూరాలు తగ్గాయి. ఇది పైకి చెప్పే కారణం. నా పరిశీలన ప్రకారం ఆ ఏడాది జావెలిన్ వీరులందరికీ ఒక్కసారిగా కసి తగ్గిపోయింది.

ఈ కుట్రకు 1687లోనే న్యూటన్ పునాది వేశాడు. మనం నేలను వెనక్కి నెడితే నేల మనల్ని ముందుకు నెడుతుందట. అంటే 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లలో వంద మీటర్లు పరిగెత్తాడంటే, సగం పతకం ట్రాక్‌కి ఇవ్వాలన్నమాట. ఇక వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కోమంటారు. బంతి ఆగడానికి పట్టే సమయం పెరిగితే అరచేతి మీద పడే బలం తగ్గుతుందట. కసి ఉన్నవాడు వెనక్కి తగ్గుతాడా!

ల్యాబుల్లో ఫోర్స్ ప్లేట్ అని ఒకటి ఉంటుంది. దాని మీద దూకితే ఎంత బలం, ఏ దిక్కున, ఎంతసేపు పడిందో గీతలు గీసి చూపిస్తుంది. ఎంత వెతికినా కసికి అందులో గడి లేదు. అది పెట్టేదాకా సోఫా మీదినుంచి వెలువడే తీర్పులే చెల్లుతాయి, అప్పీలుకు వీల్లేదు.